ఆనపకాయ రసం, కొబ్బరినీళ్ళు

అంబాజీపేట
21-6-1999

ప్రియమైన వేణికి,

నాలుగు రోజులుగా ముసురు వదలడం లేదు. కొబ్బరి చెక్కలు ఎండలో ఎండే వీలు లేక కొట్టు వెనక పాకలో పొగబెట్టి ఆరబెడుతున్నారు. లారీలు మాత్రం ఆగడం లేదు. మీ అన్నయ్య చీకటితో వెళ్ళి లోడు ఎత్తించి మళ్ళీ చీకటి పడ్డాకే వస్తున్నారు. తడిసిన గోతాలు మామూలు కన్నా బరువు. మేస్త్రి కదా, పక్కన నిలబడి చేయించవచ్చు. నిలబడరు, తనూ ఒక చెయ్యి వేస్తారు. అది నీకు తెలిసిందే.

మొన్న అమలాపురంలో డాక్టరుగారికి చూపించాను. షుగరు తగ్గలేదు, బి.పి. పెరిగింది. సాయంత్రమయ్యేసరికి పాదాలు వాస్తున్నాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. ఏం తింటారని డాక్టరుగారు అడిగితే ఉన్నది చెప్పాను. పొద్దున్న కొట్టు దగ్గర బజ్జీలు, టీ. మధ్యాహ్నం కేరేజీలో అన్నం, ఎండుచేప. కూర పెడితే పెట్టినట్టే తిరిగి వస్తుంది. “కూరగాయలు తినకపోతే నా మందులు దండగండి మేస్త్రిగారూ” అన్నారు ఆయన. మీ అన్నయ్య ఆయ్ అని తలూపి, బయటికి వచ్చి బజ్జీల బండి దగ్గర ఆగారు.

అడిగితే, నమిలే తీరిక లేదంటారు. లారీ డ్రైవరు హారన్ కొడుతుంటే కూర్చుని కూర అన్నం కలుపుకునేవాడిని ఎక్కడైనా చూశావా అంటారు.

నాకు భయంగా ఉంది వేణీ. మీ నాన్నగారికీ పాదాల దగ్గరే మొదలైందని మీరిద్దరూ చెప్పుకోగా విన్నాను. ఆయన ఆ ఏడాది దాటలేదు. ప్రసన్న ఇప్పుడే తొమ్మిదో తరగతికి వచ్చింది. నమలడానికి తీరిక లేని మనిషికి కూర ఎలా పెట్టాలో నీకేమైనా తోస్తే రాయి.

మీ వదిన,
భవానీదేవి


కువైట్
8-7-1999

ప్రియమైన వదినకి,

నీ ఉత్తరం వచ్చింది. ఇక్కడ ఎండకి గోడలు కూడా కాలుతున్నాయి. హాల్లో ఏ.సి. ఉంది, వంటింట్లో లేదు.

నాన్న పాదాలు నాకు బాగా గుర్తు. చెప్పులు పట్టక గోనెపట్టా చుట్టుకుని తిరిగేవాడు. అన్నయ్యకి అప్పుడు పద్దెనిమిదేళ్ళు, నాకు పదకొండు. ఆ ఏడాది నుంచే అన్నయ్య గోతాలు మోస్తున్నాడు. నన్ను పెంచి పెళ్ళి చేశాడు. ఆ పెళ్ళి నిలవక తిరిగి వచ్చినప్పుడు ఒక్క మాట అనలేదు. వాడికేమైనా అయితే నాకు ఆ ఊళ్ళో ఎవరున్నారు, నువ్వు తప్ప?

ఇప్పుడు నేను చెప్పేది విను. మా మేడమ్ బ్యాంకులో పనిచేస్తుంది. ఆవిడా అన్నయ్యలాగే, కూర్చుని తినే తీరిక లేని మనిషి. అందుకని కూరగాయలు తాగుతుంది. పొద్దున్న చెప్పులు వేసుకుంటూ గ్లాసుడు తాగి కారెక్కుతుంది. నేనే తీసిస్తాను. మిషనులో ముక్కలు వేస్తే ఒక పక్క రసం, ఒక పక్క పిప్పి వస్తాయి. యాభై దాటినావిడ, ముప్పై ఏళ్ళ పిల్లలా ఉంటుంది.

మనకి మిషను లేకపోతేనేం, తురుముపీట ఉంది. ఆనపకాయ, కేరెట్టు, బీట్‌రూటు తురుము. పాలకూర రుబ్బు. పాత నేతచీర ముక్కలో వేసి గట్టిగా పిండి, చల్లటి నీళ్ళు కలిపి ఇవ్వు. అన్నయ్య గుమ్మంలో నిలబడి తాగేసి వెళ్ళొచ్చు. ఆనపకాయంటే వాడికి అసహ్యమని నాకు తెలుసు. ఎందులో ఏముందో చెప్పకు. బీట్‌రూటు వేస్తే అన్నీ ఎర్రగానే ఉంటాయి.

ప్రసన్నకి ముద్దులు.

నీ ఆడపడుచు,
వీరవేణి


అంబాజీపేట
30-7-1999

ప్రియమైన వేణికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఏం జరిగిందో రాస్తాను, నవ్వుకో.

మొదటి రోజు తురిమి, రుబ్బి, పిండేసరికి మీ అన్నయ్య సైకిలెక్కేశారు. గ్లాసు పట్టుకుని కాలవ వంతెన దాకా పరిగెత్తాను. వంతెన మీద పాలవాళ్ళు, బడిపిల్లలు చూస్తుండగా ఒక గుక్క తాగి, వంగి కాలవలో ఉమ్మేశారు. “ఏంటే ఇది? గేదెకి పోసే కుడితి నాకు పోసేవా?” అన్నారు. పచ్చివాసన అని నాకూ తెలుసు. ఆనపకాయ అని పేరు చెప్పకుండానే కనిపెట్టేశారు.

మర్నాడు, పొద్దున్నకి సిద్ధంగా ఉంటుందని ముందు రోజు సాయంత్రమే పిండి పెట్టాను. తెల్లారేసరికి నురగ కట్టి పుల్లబడింది. పెరట్లో పారబోశాను. ఆ తరవాత నాలుగు గంటలకే లేచి చెయ్యడం మొదలుపెట్టాను. కరెంటు ఉండదు. బుడ్డి దీపం ముందు తురుముతుంటే వేలు తెగింది. ఇంత చేసినా ఆయన ముక్కు మూసుకుని సగం తాగి, మిగతాది నేను చూడకుండా కరివేపాకు మొక్కకి పోస్తున్నారు. ఆ మొక్క మాత్రం ఏపుగా ఉంది.

వాపు తగ్గలేదు. నిన్న చెప్పులు వదులుగా ఉన్నవి కొన్నాం.

తాగాలంటే రుచి ఉండాలి, చెయ్యాలంటే తొందరగా అవ్వాలి. ఈ రెండూ లేకపోతే నా వల్ల కాదు వేణీ. మీ మేడమ్ ఎలా తాగుతోందో సరిగ్గా చూసి రాయి.

మీ వదిన,
భవాని


కువైట్
14-8-1999

ప్రియమైన వదినకి,

చూశాను. మేడమ్‌కి కూడా వట్టి రసం సహించదు. ఆపిలు కలుపుతాను, అల్లం ముక్క, నిమ్మకాయ, నాలుగు పుదీనా ఆకులు వేస్తాను. పచ్చివాసన అల్లం చంపేస్తుంది. మనకి ఆపిలు ఎందుకు, అల్లం నిమ్మకాయ చాలు.

రసం పుల్లబడడం నీళ్ళు కలపడం వల్లే అనుకుంటాను. వట్టి రసం తీసి, నిమ్మకాయ పిండి, సీసాలో పోసి బిరడా పెట్టు. తడిగుడ్డ చుట్టి కేరేజీతో పంపు. తాగేటప్పుడు అన్నయ్య తనే నీళ్ళు కలుపుకుంటాడు. అప్పుడు నువ్వు నాలుగింటికి లేవక్కర్లేదు. వాడు వెళ్ళాక తీరిగ్గా తీసి, ప్రసన్న బడికి వెళ్తూ కొట్టు దగ్గర ఇచ్చి వెళ్తుంది.

నేను వద్దామంటే పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంది. ఏప్రిల్ దాకా ఇవ్వరు. అడిగితే మేడమ్ ముఖం పక్కకి తిప్పుకుంది. ఇంత దూరంలో కూర్చుని మాటలు రాయడం తప్ప నా చేతిలో ఏమీ లేదు. వాణ్ణి నిలబెట్టు వదినా.

వీరవేణి


అంబాజీపేట
5-9-1999

ప్రియమైన వేణికి,

ఈ పూట ఎండ కాసింది. చెక్కలు బయటికి తీసి పరిచారు.

నీ మాట ఫలించింది. సీసా పంపడం మొదలుపెట్టాను. కొట్టు దగ్గర బోరునీళ్ళు ఉప్పగా ఉంటాయి కదా, అవి కలిపితే ఇంకా చెడిపోతోందని ఆయన అన్నారు. అప్పుడు నాకు తోచింది. పాకలో దుర్గమ్మా వాళ్ళూ రోజంతా కాయలు కొడుతూనే ఉంటారు, నీళ్ళన్నీ నేలపాలే. ఆ నీళ్ళు ఒక చెంబు పట్టి, రసంలో కలుపుకోమన్నాను. తియ్యగా, చల్లగా, అప్పుడే కొట్టిన కాయ నీళ్ళు. పచ్చివాసన ఎక్కడిదక్కడ పోయింది. ఆ రోజు సీసా ఖాళీగా ఇంటికి వచ్చింది. కరివేపాకు మొక్క దగ్గర తడి కూడా లేదు.

మొదట్లో లోడింగు వాళ్ళంతా వెక్కిరించారట. “మేస్త్రిగారు ఎర్ర సారా తాగుతున్నారండోయ్” అని. లారీ డ్రైవరు సుందరరావు ఒక గుక్క రుచి చూసి, “నాక్కూడా ఓ సీసా కట్టించండి మేస్త్రిగారూ, నాగపూర్ దాకా కూర ముక్క దొరకదు మాకు” అన్నాడట. ఇప్పుడు ఐదారుగురికి పంపుతున్నాను. కూరగాయలు వాళ్ళే తెచ్చి పడేస్తున్నారు. బిరడా తీసి, కొబ్బరినీళ్ళు పోసి, కుదిపి తాగేసి గోతాల దగ్గరికి పోతున్నారు. బీడీ కాల్చినంత సేపు పట్టదు.

రక్తపరీక్ష చేయించాం. కిడ్నీలు నీరసించాయట. డాక్టరుగారు కొత్త మందులు రాశారు. ఉప్పు మానమన్నారు, మంచినీళ్ళు కొలిచి తాగమన్నారు. నాటుమందులు, ఆకుపసర్లు ఏమైనా వాడుతున్నారా అని గట్టిగా అడిగారు. లేదండీ అన్నాం. నిజమే కదా, మనం అలాంటివాటి జోలికి పోం. నీళ్ళు కొలిచి ఇమ్మన్నారు కాబట్టి బాగా తగ్గించాను. దాహమేస్తే కొబ్బరినీళ్ళే ఇస్తున్నాను, ఒంటికి బలం కదా.

మనిషి ముఖం కాస్త తేటపడింది. చాలా రోజుల తరవాత నిన్న పాట కూనిరాగం తీశారు.

మీ వదిన,
భవాని


కువైట్
22-9-1999

ప్రియమైన వదినకి,

నీ ఉత్తరం బాత్రూములోకి వెళ్ళి చదువుకుని ఏడ్చాను. సంతోషంతోనే.

కొబ్బరినీళ్ళ సంగతి నాకు తట్టనే లేదు చూడు. కోనసీమలో పుట్టి ఆపిలు గురించి రాశాను. బుర్ర నీది. కిడ్నీలకి కొబ్బరినీళ్ళంత మంచిది లేదని ఇక్కడ పనిచేసే కేరళ అమ్మాయి కూడా అంది. రోజుకి రెండుసార్లు ఇవ్వు. పాలకూర ఇంకాస్త వెయ్యి, రక్తం పడుతుంది.

ఇంకొక మాట. మేడమ్ వాళ్ళు కొత్త మిషను కొన్నారు, పాతది నన్ను తీసుకోమన్నారు. రాజోలు దేవసహాయం వచ్చే నెల సెలవు మీద వస్తున్నాడు, వాడితో పంపుతాను. కొట్టు పక్కన చిన్న పాక వేసుకుంటే బస్సువాళ్ళకీ, లారీవాళ్ళకీ, ఆఫీసులకి పోయేవాళ్ళకీ నువ్వే సీసాలు కట్టి ఇవ్వొచ్చు. అన్నయ్య గోతాలు మానేసి బల్ల దగ్గర కూర్చోవచ్చు. ఏప్రిల్లో నేను వచ్చి నీ పక్కన నిలబడతాను.

ఈ ఇంట్లో మేడమ్ వాళ్ళ నాన్న ఉన్నాడు. ముసలాయన, మంచివాడు. ఆయనకీ పాదాలు వాచి ఉంటాయి. చూసినప్పుడల్లా నాకు నాన్నా, అన్నయ్యా కళ్ళలో మెదులుతారు.

వీరవేణి


అంబాజీపేట
12-10-1999

వేణీ,

రెండు వారాల నుంచి మీ అన్నయ్యకి నీరసం. కొట్టుకి వెళ్ళడం లేదు. మొదట జ్వరమనుకున్నాం. కాళ్ళల్లో సత్తువ లేదంటారు. నిన్న గడప దాటడానికి కాలు ఎత్తలేక తలుపు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయారు. గుండె ఒక్కోసారి ఆగి కొట్టుకుంటున్నట్టుందట.

అన్నం సహించడం లేదు. రసం మాత్రం తాగుతున్నారు. నువ్వు రెండుసార్లు అన్నావు, నీరసం చూసి నేను మూడుసార్లు ఇస్తున్నాను. దుర్గమ్మ రోజూ బొండాలు తెచ్చి పెడుతోంది. ఇంత బలమైనవి పడుతున్నా ఎందుకు లేవలేకపోతున్నారో నాకు అర్థం కావడం లేదు.

అమలాపురం డాక్టరుగారు ఊళ్ళో లేరు. రేపు కాకినాడ తీసుకెళ్తున్నాను. సుందరరావు కారు మాట్లాడాడు. ప్రసన్నని దుర్గమ్మ దగ్గర ఉంచుతున్నాను.

దేవుడికి దణ్ణం పెట్టుకో.

భవాని


కువైట్
13-10-1999

ప్రియమైన వదినకి,

ఈ చీటీ మిషను పెట్టెలో పెడుతున్నాను. దేవసహాయం రేపు బయలుదేరుతున్నాడు. వైరు పిన్ను మన ప్లగ్గులో పట్టదు, మార్పించు. ముక్కలు చిన్నగా కొయ్యి. జల్లెడ వెంటనే కడగాలి, లేకపోతే పీచు పట్టేస్తుంది. నేతచీర ముక్కకి ఇక సెలవు ఇచ్చెయ్యి.

నీ దగ్గర నేర్చుకున్నది నేనిక్కడ చేస్తున్నాను. కొబ్బరినీళ్ళు ఇక్కడ డబ్బాల్లో దొరుకుతాయి. రసంలో కలిపి మేడమ్ వాళ్ళ నాన్నకి నాలుగు రోజుల నుంచి ఇస్తున్నాను. ఆయనకీ కిడ్నీలే, వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్ళి మిషను మీద రక్తం శుభ్రం చేయిస్తారు. ఇంట్లోవాళ్ళు పెట్టే చప్పిడి తిండి తినలేకపోతున్నాడు పాపం. ఇది మాత్రం అడిగి తాగుతున్నాడు. మేడమ్‌కి చెప్పలేదు. ఆయన కాళ్ళ వాపు తగ్గాక చెబుతాను.

అన్నయ్యని అడిగానని చెప్పు. వాడి చేత్తో ఒక్క ముక్క రాయించు.

నీ,
వీరవేణి


అంబాజీపేట
18-10-1999

వేణీ,

ముందు ఈ పని చేసి వచ్చి, తరవాత మిగతాది చదువు. మేడమ్ వాళ్ళ నాన్నకి ఇస్తున్న రసం, కొబ్బరినీళ్ళు రెండూ ఈ పూటే ఆపెయ్యి. ఇన్ని రోజులు ఇచ్చానని మేడమ్‌తో చెప్పు. తిడితే పడు. ఆయన్ని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమను.

బుధవారం కాకినాడ వెళ్ళాం. ఎదుర్లంక రేవులో గోదావరి దాటించే పంటు కోసం చాలాసేపు ఆగాల్సి వచ్చింది. మీ అన్నయ్య కారులో వెనక సీటు మీద పడుకుని, దాహమంటే నేను బొండం కొట్టించి తాగించాను. అదే ఆయన తాగిన ఆఖరి బొండం.

ఆసుపత్రిలో రక్తం తీసి, ఛాతీ మీద తీగలు పెట్టి చూశారు. డాక్టరు చిన్న వయసు ఆయన. కాగితం చూసి, ఏం తింటున్నారని అడిగారు. ఏమీ తినడం లేదండీ, వట్టి కూరగాయల రసం, కొబ్బరినీళ్ళు అన్నాను. ఆయన రాస్తున్న పెన్ను ఆపేశారు. ఎన్నాళ్ళ నుంచి అన్నారు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను. కూరగాయల్లో, ఆకుకూరల్లో పొటాషియం అని ఒక లవణం ఉంటుందట. కొబ్బరినీళ్ళలో బాగా ఎక్కువట. కిడ్నీలు మంచివైతే ఎక్కువైనదాన్ని బయటికి పంపేస్తాయి. పాడైనవి పంపలేవు. అది రక్తంలో చేరి కాళ్ళు పడగొడుతుంది, ఆఖరికి గుండెని పడుతుంది. ఉడికించి నీళ్ళు వార్చేస్తే కొంత పోతుందట. మనం పచ్చివే పిండి, కొబ్బరినీళ్ళు పోసి, రోజుకి మూడుసార్లు ఇచ్చాం.

మీ అన్నయ్యకి అప్పటికి తెలివి ఉంది. “కొబ్బరినీళ్ళు మీకు కొత్తేమో గానండీ, మాకు మంచినీళ్ళేనండి డాక్టరుగారూ” అన్నారు.

“నాదీ కోనసీమేనండి మేస్త్రిగారూ, ముమ్మిడివరం” అన్నారు డాక్టరు.

సూదిమందులు ఇచ్చారు. పొద్దున్న రక్తం శుభ్రం చేసే మిషను ఎక్కిస్తామన్నారు. గురువారం అది ఖాళీ కాలేదు, మరునాడు అన్నారు. ఆ సాయంత్రం మీ అన్నయ్య నన్ను దగ్గరికి పిలిచి, “చెల్లికి ఈ సంగతి రాయకే. అది తిండి మానేస్తది” అన్నారు. ఆయ్ అన్నాను. ఆయనకిచ్చిన మాట తప్పి రాస్తున్నాను. నిన్న నీ చీటీ చదవకపోతే రాసేదాన్ని కాదు.

ఎవరి తప్పు అని నువ్వు ఎలాగూ ఆలోచిస్తావు. నువ్వు నీళ్ళు కలపమన్నావు, కొబ్బరినీళ్ళు కలిపింది నేను. పసర్లు వాడుతున్నారా అని అమలాపురం డాక్టరుగారు అడిగినప్పుడు ఈ మాట చెప్పి ఉంటే ఆయనే ఆపేవారు. చెప్పాలని మా ఇద్దరికీ తోచలేదు. మనం రోజూ తాగేదాన్ని మందు కింద ఎవరు లెక్కవేస్తారు? రసం తాగకపోతే బతికేవారా అని కాకినాడ డాక్టరుని అడిగాను. కిడ్నీలు ఎప్పుడో పాడయ్యాయి, మిషను మీద కొన్నాళ్ళు ఉండేవారు, ఎన్నాళ్ళో చెప్పలేను అన్నారు. ఆ కొన్నాళ్ళు మనమే పోగొట్టాం. నీకు అబద్ధం రాయను.

నిన్న దేవసహాయం వచ్చేసరికి ఇంటినిండా జనం. మిషను ఎవరికివ్వాలో తెలియక అరుగు మీద పెట్టి, ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. చీటీ కోసమే పెట్టె విప్పాను, మిషను బయటికి తీయలేదు. కొట్టువాళ్ళు సీసాల సంగతి ఎత్తడం లేదు గానీ, సుందరరావు తన ఖాళీ సీసా కడిగి తెచ్చి గూట్లో పెట్టి వెళ్ళాడు. కిడ్నీలు బాగున్నవాళ్ళకి ఏమీ కాదని డాక్టరు చెప్పారు. అయినా వాళ్ళందరినీ ఒకసారి రక్తపరీక్ష చేయించుకోమన్నాను.

చీటీ చదివిన వెంటనే టెలిఫోను బూత్‌కి వెళ్ళి మీ ఇంటికి ఫోను చేయించాను. మగవాళ్ళెవరో ఎత్తారు. వేణి, వేణి అన్నాను. వాళ్ళ భాషలో ఏదో అని పెట్టేశారు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. మీ అడ్రసు పోస్టు బాక్సు కాబట్టి తంతి ఇచ్చినా ఆలస్యమవుతుందన్నారు. దేవసహాయం బావమరిది జగ్గయ్య మీ పేటలోనే డ్రైవరుగా చేస్తాడు, సెలవు అయిపోయి వెళ్తున్నాడు. నీ చేతికే ఇస్తానని ఒట్టు పెట్టాడు.

నువ్వు తిండి మానకు. ఏప్రిల్ దాకా అక్కడే ఉండు. ప్రసన్న రేపటి నుంచి బడికి వెళ్తుంది.

మీ అన్నయ్య శుక్రవారం తెల్లవారుజామున పోయారు. దేవసహాయం నిన్న సాయంత్రమే రాజోలు వెళ్ళిపోయాడు. జగ్గయ్య రేపు మంగళవారం మొదటి బస్సుకి బయలుదేరుతున్నాడు.

మీ వదిన,
భవానీదేవి